ముందు వేరు, ఆ తర్వాతే చిగురు

ఈ అధ్యాయం కొండాపూర్‌లోనో నానక్‌రామ్‌గూడలోనో అద్దె ఫ్లాట్‌లో ఉంటూ, బాల్కనీలో ఒక పండ్ల చెట్టు ఉంటే బాగుండునని ఎప్పట్నుంచో అనుకుంటున్నవాళ్ల కోసం. నర్సరీకి వెళ్తే అంటుమొక్క దొరుకుతుంది, నిజమే. కానీ మీ అమ్మమ్మగారి పెరట్లో ఉన్న అంజీర చెట్టు ఏ నర్సరీలోనూ దొరకదు. దాని ముదురు కొమ్మ ఒకటి కోసుకొచ్చి నాటితే మీ బాల్కనీలో లేచేది సాక్షాత్తూ ఆ చెట్టే. గింజ నుంచి వచ్చిన మొక్కకి ఏ గుణం అబ్బుతుందో ముందుగా చెప్పలేం. కొమ్మ నుంచి వచ్చినదానికి పండు రుచి, రంగు, కాపుకాలం అన్నీ తల్లిచెట్టువే. పైగా ఆ కొమ్మ కాపు వయసు దాటొచ్చింది కాబట్టి గింజ మొక్కలా ఏళ్లకేళ్లు ఎదురుచూడాల్సిన పని లేదు.

ఇది మన ఊరికి కొత్త విద్య కాదు. హైదరాబాద్ ద్రాక్ష అంటే ఒకప్పుడు అనాబ్-ఎ-షాహి. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాకర్ ఖాన్ అనే ఆయన పశ్చిమాసియా నుంచి ఇక్కడికి తెప్పించిన ద్రాక్ష రకాల్లో ఇదొకటని చెప్తారు. పొడుగ్గా, పాలరంగు తిరిగి, లోపల గింజలుండే పెద్ద కాయ. అది మేడ్చల్, శామీర్‌పేట, కొంపల్లి పందిళ్ల మీదికి పాకింది కొమ్మల కట్టలుగానే. ఒక రైతు అక్టోబరులో కత్తిరించి పడేసిన తీగ, పక్క ఊరి రైతుకి మరుసటి ఏడాది తోట. సైబర్ టవర్స్ తెరిచిన 1998 నాటికి కూడా ఆ దారుల్లో వెళ్తే ద్రాక్ష పందిళ్లు కనబడేవి. ఇప్పుడు వాటిలో చాలావరకు వెంచర్లయ్యాయి. మనం బజారులో కొనే గింజల్లేని పచ్చద్రాక్ష థాంప్సన్ సీడ్‌లెస్ కథా ఇంతే. 1870లలో విలియం థాంప్సన్ అనే ఆయన కాలిఫోర్నియాలో ఉంటూ, న్యూయార్క్ రాష్ట్రపు నర్సరీ నుంచి కొద్ది కొమ్మముక్కలు తెప్పించుకుని బతికించాడు. అక్కడి తోటల్లోకి ఆ రకం ఆయన పేరుతో వెళ్లింది. గింజ లేని పండుకి కొమ్మ తప్ప వేరే వంశం లేదు మరి.

రాజేంద్రనగర్‌లో ద్రాక్ష పరిశోధన కేంద్రం ఉంది. కొండా లక్ష్మణ్ తెలంగాణ ఉద్యాన విశ్వవిద్యాలయం కింద నడుస్తుంది. కాయ పండే ఫిబ్రవరి, మార్చి నెలల్లో జనం వెళ్లి చూసి, కోసుకుని, కొనుక్కుని వస్తుంటారు. గచ్చిబౌలి నుంచి పెద్ద దూరమేం కాదు. పిల్లల్ని తీసుకుని ఒకసారి వెళ్లండి. ఒక తీగ ఎంత లావవుతుందో, ఏ వయసు కొమ్మ ఏ రంగులో ఉంటుందో కళ్లతో చూస్తే ఈ అధ్యాయంలో సగం అర్థమైనట్టే.

కొమ్మకి లొంగే చెట్లు, లొంగనివి

ద్రాక్ష, అంజీర్, దానిమ్మ, మల్బరీ. బాల్కనీకి ఈ నాలుగూ చాలు, నాలుగూ ముదురు కొమ్మ నుంచి వస్తాయి. మల్బరీ అన్నిటికన్నా సులువు. పట్టుపురుగుల కోసం ఎకరాలకెకరాలు కొమ్మలు గుచ్చి పెంచే పంట అది. మొదటిసారి చేసేవాళ్లు దానితోనే మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం. మామిడి, సపోటా, సీతాఫలం, జామ జోలికి మాత్రం ఈ పద్ధతిలో వెళ్లకండి. మామిడికి, సపోటాకి వేరే మొక్క మీద అంటు కట్టాలి. జామకి చెట్టు మీదే కొమ్మకి బెరడు వలిచి, తడి నాచు చుట్టి వేరు పుట్టించే గాలి అంటు ఉంది. అవి వేరే విద్యలు.

అంజీర్ గురించి ఒక భయం చాలామందికి ఉంటుంది, కందిరీగ లేకపోతే కాయ నిలవదని. స్మిర్నా రకాలకి అది నిజం. మన దగ్గర పెంచే పూనా అంజీర్‌కి పరాగసంపర్కం అక్కర్లేదు. పద్నాలుగో అంతస్తులో ఒంటరిగా ఉన్నా కాస్తుంది.

దానిమ్మ విషయంలో మాత్రం ఒక హెచ్చరిక చేయాలి. అనంతపురం నుంచి షోలాపూర్ దాకా దానిమ్మ తోటల్ని ముంచిన బ్యాక్టీరియా మచ్చ తెగులు కొమ్మలతోనే కొత్త చోటికి వెళ్తుంది. ఆకు మీద నూనె పూసినట్టు మచ్చలు, కొమ్మ మీద నల్లటి పగుళ్లు, కాయ నెర్రెలు విచ్చడం, వీటిలో ఏది కనబడినా ఆ చెట్టు కొమ్మ ముట్టుకోవద్దు. సొంతూరి చెట్టు మీద ఎంత మమకారం ఉన్నా సరే.

ఇంగ్లిష్ పుస్తకాలు చెప్పనిది

ముదురు కొమ్మలు నాటే పద్ధతి మీద ఇంటర్నెట్లో దొరికే సలహాల్లో ఎక్కువభాగం చలిదేశాల వాళ్లవి. ఆకు రాలాక శీతాకాలంలో కొమ్మ కోసి, ఆరుబయట నేలలో గుచ్చి, వసంతం దాకా మరిచిపొమ్మంటారు. అక్కడ అది సరిపోతుంది. మంచు కింద చెట్టు నిజంగా నిద్రపోతుంది. మొగ్గ కదలదు. నెలల తరబడి కోత దగ్గర మాత్రం నెమ్మదిగా పని జరుగుతుంటుంది.

హైదరాబాద్‌లో చెట్టుకి అంత నిద్ర లేదు. డిసెంబరు, జనవరిలో హెచ్‌సీయూ, శేరిలింగంపల్లి వైపు రాత్రి చలి పది డిగ్రీల దాకా దిగినా, పగలు ఎండకి మొగ్గ మళ్లీ కళ్లు తెరుస్తుంది. అందుకే మన దగ్గర ద్రాక్ష రైతు ఏప్రిల్లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి కత్తిరించి, తీగ చేత తనకి కావలసిన లెక్కలో పని చేయించుకుంటాడు. కుండీలో గుచ్చిన కొమ్మ విషయంలో ఈ తేడా చాలా పెద్దది. ముదురు కొమ్మ లోపల పిండిపదార్థం నిల్వ ఉంటుంది. ఆ నిల్వతోనే అది వేరూ పుట్టించాలి, చిగురూ వేయాలి. మన వెచ్చదనానికి చిగురు ముందు లేస్తుంది. పది, పదిహేను రోజుల్లో లేత ఆకులు చూసి మనం పొంగిపోతాం, ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెడతాం. అప్పటికి మట్టిలో ఒక్క వేరు కూడా ఉండకపోవచ్చు. ఉద్యోగం దొరక్కముందే పొదుపంతా ఖర్చు పెట్టేసినట్టు, ఆ ఆకులు నిల్వని తినేసి, తేమని గాలికి వదిలేసి, మూడో వారానికల్లా వేలాడిపోతాయి. చాలామంది చెయ్యి అచ్చిరాలేదని ఇక్కడే మానేస్తారు. చేతిలో లోపం ఏమీ లేదు. వేరు, చిగురు వచ్చే వరస తప్పింది, అంతే.

కాబట్టి హైదరాబాద్‌లో ఈ పని చేసేవాళ్లు పట్టుకోవాల్సింది ఒక్కటే సూత్రం. కొమ్మ అడుగు వెచ్చగా, పైభాగం చల్లగా, నీడగా ఉండాలి. వేరు ముందుకెళ్లాలి, చిగురు ఆగాలి. కింద చెప్పేదంతా దానికోసమే.

కొమ్మని ఎంచుకోవడం

ద్రాక్షకి అక్టోబరు. కత్తిరింపుల కాలం కాబట్టి కొమ్మలు కుప్పలుగా దొరుకుతాయి, వానలు వెనకబడతాయి, ఎండ ఇంకా మెత్తగానే ఉంటుంది. అంజీర్, దానిమ్మ, మల్బరీలకి డిసెంబరు నుంచి సంక్రాంతి దాకా. ఉగాది దాటాక మొదలుపెట్టకండి. ఏప్రిల్, మే ఎండల్లో వేరు లేని కొమ్మని కాపాడటం నర్సరీ వాళ్లకే కష్టం.

కొమ్మల కోసం డబ్బు ఖర్చు పెట్టనక్కర్లేదు. గేటెడ్ కమ్యూనిటీల్లో, ఆఫీసు ప్రాంగణాల్లో తోట పని చేసేవాళ్లు ఏటా కత్తిరించి చెత్తబండికి ఎత్తేస్తారు. "అన్నా, ఆ అంజీర కొమ్మలు పారెయ్యకు, నాకు నాలుగు కావాలె" అని ముందురోజు చెప్పి ఉంచండి. "తీస్కో సారూ, ఎన్ని గావాల్నో" అంటాడు. ఆయన దగ్గర కొమ్మతో పాటు ఇంకొకటి అడగండి, ఈ చెట్టు కాయ ఎట్లుంటదని. ఏటా ఆ చెట్టు కాయ రుచి చూస్తున్నది ఆయనే. కాయని చెట్టు నుంచి కొమ్మ తెచ్చుకుని రెండేళ్లు పెంచడం కన్నా ఆ ఒక్క ప్రశ్న అడగడం మేలు.

ముదురు కొమ్మ అంటే గట్టిపడిన ముసలి కొమ్మ కాదు. పోయిన ఏడు పుట్టి, పచ్చదనం పోయి గోధుమరంగుకి తిరిగి, పెన్సిలంత లావున్నది. వంచితే కొంచెం లొంగి, గట్టిగా వంచితే పుటుక్కున విరగాలి. బెరడు మీద గోటితో ఒక గీత గీసి చూడండి. పైపొర కింద తడిగా, ఆకుపచ్చగా మెరిస్తే ప్రాణం ఉంది. లోపల కూడా గోధుమరంగే ఉంటే అది వంటచెరుకు. గోటికి తగిలిన ఆ పచ్చటి పొర దగ్గరే అసలు పని జరుగుతుంది. బెరడుకీ చెక్కకీ మధ్య ఉండే సన్నటి కేంబియం పొర, దాని చుట్టుపక్కల కణాలు, కోత పడ్డాక మొదట గాయాన్ని మూస్తాయి. ఆ తర్వాత అక్కడి నుంచో, పైనున్న కణుపు దగ్గర నుంచో వేళ్లు పొడుచుకొస్తాయి. వేరు పుట్టాల్సిన చోట కాక ఇలా కాండం నుంచి పుట్టేవాటిని స్కూల్లో అబ్బురపు వేళ్లని చదువుకున్నాం.

కొమ్మ చివర లేతగా ఉంటుంది, దాన్ని కోసి పారేయండి. మధ్యభాగం, మొదలు మంచివి. ఒక్కో ముక్క 20 నుంచి 25 సెంటీమీటర్లు, నాలుగైదు కణుపులు. కింది కోత కణుపుకి సరిగ్గా దిగువన, తిన్నగా. పై కోత మొగ్గకి ఒక సెంటీమీటరు పైన, ఏటవాలుగా. ఇలా చేస్తే ఏది తలో ఏది కాలో ఎప్పటికీ తికమక ఉండదు. తలకిందులుగా గుచ్చితే కష్టమే. వేరు పుట్టించే ఆక్సిన్ మొగ్గల నుంచి కొమ్మ మొదలు వైపే దిగుతుంది, మీరు తిప్పి పెట్టారని అది దారి మార్చుకోదు. కత్తెర పదునుగా ఉండాలి, ప్రతి చెట్టుకీ మధ్య స్పిరిట్‌తో తుడవాలి. నలిగిన కోత కుళ్లుతుంది.

అంజీర్ కోస్తే పాలు కారతాయి. కళ్లకి తగలనీయకండి, చర్మం పడనివాళ్లు గ్లవుజులు వేసుకోండి. పాలు కడిగి, నీడలో కొన్ని గంటలు ఆరనివ్వండి. ఊరి నుంచి తెచ్చేటప్పుడు తడిపి పిండిన న్యూస్‌పేపర్లో చుట్టి, పాలిథిన్ కవర్లో పెట్టి, రకం పేరు, తేదీ రాసి తెచ్చుకోవాలి. వెంటనే నాటలేకపోతే ఫ్రిజ్ కింది అరలో రెండు మూడు వారాలు నిలవ ఉంటాయి. పండిన అరటిపళ్లు, యాపిల్స్ పక్కన పెట్టకండి. వాటి నుంచి వచ్చే ఇథిలిన్ మొగ్గలకి మంచిది కాదు. ఈ ఫ్రిజ్ వాసం ఒక రకంగా మేలే. మన చలికాలం ఇవ్వలేని నిద్రని అది కొంత ఇస్తుంది.

నాటడం

మట్టి సారవంతంగా ఉండకూడదు. చాలామందికి ఇది వింతగా ఉంటుంది. వేరు లేని కొమ్మ ఎరువు తినలేదు, ఆ ఎరువులో పెరిగే బూజు మాత్రం కొమ్మని తింటుంది. కడిగిన కొబ్బరి పొట్టు సగం, ముతక ఇసుక సగం. ఇసుకకి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ చుట్టుపక్కల కొదవ లేదు, ఎక్కడ చూసినా బిల్డింగ్ లేస్తూనే ఉంది. అయితే అక్కడ వాడేది ఎక్కువగా రాయి పిండి చేసిన రోబో శాండ్. అడిగి ఒక బకెట్ తెచ్చుకుంటే, బూడిదరంగు నీళ్లు పోయి తేటనీరు వచ్చేదాకా కడగాలి. ఆ దుమ్ము ఉంటే కుండీ అడుగున సిమెంటులా గట్టిపడుతుంది. కొబ్బరి పొట్టులోనూ ఉప్పు ఉంటుంది, దాన్నీ రెండుసార్లు నానబెట్టి పిండాలి.

కుండీ బదులు రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా తీసుకోండి. మెడ కోసి, అడుగున ఐదారు చిల్లులు పెట్టి, బయట నల్ల కాగితం చుట్టండి. కాగితం జారిస్తే లోపల ఏం జరుగుతోందో కొమ్మని కదపకుండా కనబడుతుంది. ఈ పనిలో నేను చెప్పే చిట్కాలన్నిటిలో ఇది ముఖ్యం.

వేరు పుట్టించే పొడి గురించి. ఇండోల్ బ్యూటరిక్ ఆమ్లం, ఐబీఏ అంటారు. దానికి వేరు పుట్టించే శక్తి ఉందని 1935లో అమెరికాలో బాయిస్ థాంప్సన్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు చూపించారు, అప్పట్నుంచి నర్సరీలు దాన్ని వదల్లేదు. మల్బరీ, అంజీర్, ద్రాక్షలకి అది లేకపోయినా నడుస్తుంది. దానిమ్మకి ఉంటే తేడా బాగా తెలుస్తుంది. ముదురు కొమ్మలకని రాసి ఉన్న పొడి కొని, కింది కొనని తడిపి అద్ది, ఎక్కువైంది దులిపేయండి. తేనె, దాల్చినచెక్క పొడి, కలబంద గుజ్జు దీనికి సాటి రావు. ఉంటే బూజుని కొంత ఆపుతాయేమో, వేరుని పిలవలేవు.

పుల్లతో ముందు బొక్క చేసి, కొమ్మని దించి, రెండు మూడు కణుపులు లోపల, రెండు బయట ఉండేలా పెట్టి, చుట్టూ వేళ్లతో గట్టిగా నొక్కండి. అడుగున గాలి ఖాళీ ఉంటే అక్కడ వేరు రాదు. ఒక్కసారి నిండా నీళ్లు పోసి వడియనివ్వండి. మూడు మొక్కలు కావాలంటే పది కొమ్మలు పెట్టుకోవాలి. కొన్ని ఎండటం మామూలే.

బాల్కనీలో ఎక్కడ పెట్టాలన్నది మట్టి కన్నా పెద్ద విషయం. పడమటి వైపు గాజు గోడ ఉన్న ఫ్లాట్లలో మధ్యాహ్నం అద్దం నుంచి ఎదురుకొట్టే వేడి కొమ్మని ఉడికిస్తుంది. పై అంతస్తుల్లో గాలి అంతకన్నా చేటు. ఉత్తరం లేదా తూర్పు వైపు, గోడ వారగా, నేరుగా ఎండ పడని వెలుగులో ఉంచండి. గాలి తగలకుండా మూత లేని మరో సీసాని పైన బోర్లించండి.

ఆగడం

ఐటీ కారిడార్‌లో బతుకు రెండు వారాల స్ప్రింట్లుగా తెగి ఉంటుంది. ప్రతి పొద్దున స్టాండప్‌లో నిన్న ఏం చేశావో చెప్పాలి. ఆ అలవాటుతో కొమ్మ దగ్గరికొచ్చి, వేరు వచ్చిందా అని మెల్లగా లాగి చూడాలనిపిస్తుంది. లాగకండి. మొదట పుట్టే వేరు తెల్లటి దారమంత ఉంటుంది, తాకితే తెగుతుంది, తెగిన చోట మళ్లీ పుట్టడానికి కొమ్మలో నిల్వ మిగలదు. చేతికి పని లేకుండా మనసు నిలపడం నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు నాకు తెలియదు. ప్రోగ్రెస్ బార్ లేని పని ఇది. మీరు చేయాల్సిందంతా మొదటిరోజే చేసేశారు.

చేయదగ్గ పనులు కొన్నే. వేలు ఒక కణుపు లోతు దించి, తడి తగలకపోతేనే నీళ్లు. బోరు నీళ్లకన్నా ఏసీ నుంచి కారే నీళ్లు, పట్టుకున్న వాన నీళ్లు మంచివి. మన గ్రానైట్ నేల కింది బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ, ద్రాక్ష ఆకు అంచులు దానికి తొందరగా మాడతాయి. చిగుర్లు మూడు నాలుగు లేస్తే పై రెండింటిని ఉంచి మిగతావి గోటితో చిదిమేయండి. పూత, పిందె కనబడితే, అంజీర్‌కి అలా తరచు వస్తుంది, వెంటనే తీసేయండి. కొమ్మ మీద తెల్లటి దూదిలా పిండినల్లి చేరితే స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవండి.

వారానికొకసారి నల్ల కాగితం జార్చి చూడండి. మూడు, నాలుగు వారాల్లో, ద్రాక్షకో అంజీర్‌కో, సీసా గోడకి ఆనుకుని తెల్లటి గీతలు కనబడతాయి. మొదట గాయం చుట్టూ ఉబ్బెత్తుగా గోధుమ రవ్వ అంటించినట్టు గింజలు గింజలుగా కాలస్ కడుతుంది. దాన్ని వేరనుకోకండి. కొన్నిసార్లు కాలస్ కట్టి అక్కడే ఆగిపోతుంది. సాగిన గీతే వేరు. దానిమ్మకి ఆరు నుంచి ఎనిమిది వారాలు పట్టొచ్చు. ఆకు లేకుండా నిటారుగా నిలబడిన కొమ్మని చచ్చిందని పారేసేముందు బెరడు మీద మళ్లీ గోటి గీత గీయండి. పచ్చగా ఉంటే దాని పని అది చేసుకుంటోంది.

గీతలు గోడంతా అల్లుకున్నాకనే ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, ఇసుక కలిపిన కుండీలోకి మార్చాలి. సీసాని నిలువునా కోసి, మట్టి ముద్ద చెదరకుండా దించండి. మొదట పది రోజులు నీడ, ఆ తర్వాత పొద్దుటి ఎండ. మొదటి వేసవి అంతా సగం ఎండని ఆపే గ్రీన్ నెట్ కింద ఉండాలి. పెద్ద డ్రమ్ముల జోలికి వెళ్లేముందు సొసైటీ వాళ్లని అడగండి. 100 లీటర్ల డ్రమ్ము తడి మట్టితో 150 కిలోలు దాటుతుంది, బాల్కనీ అంచున అలాంటివి వరసగా పెట్టడం క్షేమం కాదు. అంజీర్‌కి 40 లీటర్ల గ్రో బ్యాగ్ చాలు, ఏటా కొమ్మలు కత్తిరిస్తూ నడుమెత్తులో ఉంచుకోవచ్చు. మల్బరీ మరుసటి ఏడే కాస్తుంది. అంజీర్, దానిమ్మలకి రెండు మూడేళ్లు. ద్రాక్షకి గ్రిల్లు మీదికి ఎక్కే దారి, రోజుకి ఆరు గంటల ఎండ ఉంటేనే పెట్టండి, లేకపోతే ఆకులే మిగులుతాయి.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకి ఒక మాట. ఇల్లు మారేటప్పుడు పెద్ద కుండీలు లారీలో సగం విరుగుతాయి. ఒప్పందం వేసవిలో ముగుస్తుందని తెలిస్తే ఆ ముందు జనవరిలోనే చెట్టు నుంచి పది కొమ్మలు కోసి సీసాల్లో పెట్టుకోండి. మే నాటికి అవి చేతిలో పట్టే మొక్కలవుతాయి, కారు వెనక సీట్లో వస్తాయి. పాత చెట్టుని తర్వాత దిగేవాళ్లకి వదిలేసి, దాని మీద రకం పేరు, ఎక్కడి నుంచి తెచ్చారో, ఎప్పుడు కత్తిరించాలో రాసిన చీటీ కట్టి వెళ్లండి.